చెరువు చుట్టూ కంచె వేసి అందరినీ ఆపేస్తే బాగుపడుతుందా?

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా చెప్తాను. అడిగినాయన ఉండేది హైదరాబాద్ పడమటి అంచున, ఓ చెరువు పక్కన కొత్తగా వచ్చిన కాలనీలో. అసోసియేషన్ వాళ్లు చందాలు పోగుచేసి, ఏదో కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు కూడా కలిపి, చెరువు చుట్టూ ఫెన్సింగ్, వాకింగ్ ట్రాక్ వేయాలనుకుంటున్నారు. చేపలు పట్టేవాళ్లు, గేదెలు తోలుకొచ్చేవాళ్లు, గడ్డి కోసుకునేవాళ్లు ఇక లోపలికి రాకూడదని ఒక వర్గం. వాళ్లు మనకంటే ముందునుంచి ఉన్నారు కదా అని ఇంకో వర్గం. ఈలోగా గ్రూప్స్‌కి చదువుతున్న ఆయన కూతురు, "పర్యావరణ సేవలంటే ప్రకృతి మనిషికి ఉచితంగా ఇచ్చేవి నాన్నా, మనం అడ్డు రాకుండా ఉంటే చాలు" అందట. అది నిజమైతే కంచె వేయడమే కరెక్టు కదా అని ఆయన అడుగుతున్నారు.

సార్, నేను చెరువుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మొదట జిల్లాల్లో, తర్వాత సిటీలో. నా సమాధానం ముందే చెప్పేస్తాను. చెత్త లారీలను, మట్టి టిప్పర్లను, రాత్రికి రాత్రి షెడ్డు లేపేవాళ్లను ఆపే కంచె అయితే తప్పకుండా వేయండి. వల వేసేవాళ్లను, గడ్డి కోసే ఆడవాళ్లను ఆపే కంచె అయితే వద్దు, ఎందుకంటే మీరు చెరువు నుంచి ఏ మేలు ఆశిస్తున్నారో అందులో సగం పని వాళ్లది, వాళ్లు వెళ్లిపోతే ఆ పని ఎవరు చేస్తారో మీ అసోసియేషన్ దగ్గర జవాబు ఉండదు. ఇక ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం పొడవవుతుంది.

మీ అమ్మాయి చెప్పింది పుస్తకంలో మాటే. 2005లో వచ్చిన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ ఈ సేవలను నాలుగు రకాలుగా విడదీసింది. చేపలు, నీళ్లు, గడ్డి లాంటి చేతికొచ్చేవి ఒకటి. వరద తాకిడి తగ్గించడం, మురుగును శుభ్రం చేయడం, ఎండ వేడిని తగ్గించడం లాంటివి రెండోది. పండగలు, విహారం, మనసుకు హాయి మూడోది. వీటన్నిటికీ అడుగున ఉండే నేల తయారీ, పోషకాల చక్రం నాలుగోది. పరీక్షలో ఈ నాలుగూ రాస్తే మార్కులు పడతాయి, రాయమనండి. అంతకుముందు 1997లో రాబర్ట్ కోస్టాంజా, మరికొందరు కలిసి ప్రపంచం మొత్తంలో ఈ సేవల విలువ ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని లెక్కగట్టారు. 2014లో మళ్లీ లెక్కేసి 125 లక్షల కోట్లన్నారు. ఈ అంకెల మీద చాలా గొడవలున్నాయి, వాటిని పక్కన పెట్టండి. ఆ రెండో వ్యాసంలో నాకు పనికొచ్చిన మాట వేరే ఉంది: ప్రకృతి సంపద ఒక్కటే ఉంటే మనిషికి మేలు అందదు, దానితో మనుషుల శ్రమ, వాళ్ల తెలివి, వాళ్ల మధ్య కట్టుబాట్లు, వాళ్లు కట్టుకున్న కట్టడాలు కలవాలి అని. గైడ్లలో ఈ ముక్క మాత్రం ఎగిరిపోతుంది. పాలలో తోడు వేస్తే పెరుగవుతుంది, అందులో పాల వాటా ఎంత, తోడు వాటా ఎంత అని విడదీసి చూపించమంటే ఎవరివల్లా కాదు. ఇదీ అంతే.

మన ప్రాంతంలో ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మనం లేక్ అని పిలిచేవాటిలో దానంతట అదే ఏర్పడింది దాదాపు ఏదీ లేదు. హుస్సేన్ సాగర్ 1560ల్లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టింది, మొదట్లో మూసీ నుంచి కాల్వ తవ్వి దానికి నీళ్లు తెచ్చారు. మీర్ ఆలం చెరువు కట్టకు వరసగా 21 కమానులున్నాయి, నీటి ఒత్తిడిని ఆ వంపులే తట్టుకుంటాయి. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది, ఇప్పుడు కేబుల్ బ్రిడ్జికి బ్యాక్‌గ్రౌండ్ ఇస్తోంది. మీ చెరువుకు ఇంత చరిత్ర ఉండకపోవచ్చు, కానీ అదీ ఎవరో కట్ట పోస్తే నిలిచిన నీళ్లే.

ఎందుకు కట్టాల్సి వచ్చిందంటే, మన కింద ఉన్నది గ్రానైట్. ఈ రాయి నీళ్లు పీల్చుకోదు. పైన చివికిన పొరలో, లోపల పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. ఏడాదికి పడేది ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని గట్టి వానల్లో దంచి వెళ్లిపోతుంది. ఆపేవాళ్లు లేకపోతే ఆ నీళ్లన్నీ వాలు వెంబడి వాగుల్లోకి, అక్కణ్నుంచి మూసీలోకి పోతాయి. వాలుకు అడ్డంగా కట్ట పోసి ఆపితే నెలల తరబడి నిలిచి, మెల్లగా పగుళ్లలోకి దిగి, కట్ట కింది బావుల్లో ఊరతాయి. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వెళ్లేలా గొలుసుకట్టుగా కట్టారు. వాన, వాలు, బంకమట్టి, పగుళ్లు ప్రకృతివి. కట్ట, తూము, మత్తడి, కాల్వ మనిషివి. మీ కాలనీ బోర్లలో మార్చి నెలలో కూడా నీళ్లున్నాయంటే ఈ రెండూ కలిసినందుకే ఉన్నాయి.

కట్టి వదిలేస్తే కూడా సరిపోదు. ఊళ్లలో నీరటి అని ఒకాయన ఉండేవాడు, కొన్ని చోట్ల ఇప్పటికీ ఉన్నాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత పారించాలి అన్నది ఆయన చేతిలో ఉండేది, పంటకోతప్పుడు రైతులు మేర కింద వడ్లు ఇచ్చేవారు. అంతకంటే పెద్ద పని, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి ఎక్కడ చెమ్మ ఊరుతోంది, ఎక్కడ ఎలుకలు, ఎండ్రికాయలు బొక్కలు పెట్టాయి అని చూడటం. మట్టి కట్టలు తెగేది చాలాసార్లు ఇలాంటి చిన్న బొక్క దగ్గరే, లోపలి నీరు మట్టిని కొంచెం కొంచెంగా లాక్కుపోయి దారి పెద్దది చేసుకుంటుంది, ఆ తర్వాత గంటల్లో కథ ముగుస్తుంది. సిటీలో నీరటి పోస్టు పోయింది, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. మీ చెరువు తూము ఎక్కడుందో మీ అసోసియేషన్‌లో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి. నాకైతే ఇంతవరకు ఏ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లోనూ గబుక్కున జవాబు రాలేదు.

పూడిక సంగతి ఇంకా బాగుంటుంది. వానతో పాటు పొలాల మీది సన్న మట్టి, ఆకు, అలం, పేడ అన్నీ కొట్టుకొచ్చి చెరువు అడుగున చేరతాయి. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు ఆ నల్లమట్టిని బండ్లకెత్తి చెల్కల్లో పోసేవారు. ఎర్రచెల్క నేలలో నీళ్లు నిలవవు, ఈ మట్టిలో బంక ఎక్కువ కాబట్టి తడి పట్టి ఉంచుతుంది, పోషకాలూ ఉంటాయి. అంటే ఒకే పనితో చెరువు లోతు నిలబడింది, పొలానికి సారం వచ్చింది. యూరియా బస్తాలు, బోరు మోటార్లు వచ్చాక ఈ బండ్లు ఆగిపోయాయి, చెరువులు పూడుకుపోయాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటల్లో పూడిక తీయాలని పెట్టుకున్నారు, తవ్వకం ప్రభుత్వానిది, మట్టి తోలుకోవడం రైతుది. ఆ పథకం మీద విమర్శలు చాలా ఉన్నాయి, కొన్ని న్యాయమైనవే, కానీ మట్టిని మళ్లీ పొలానికి చేర్చాలన్న ఆలోచన మాత్రం పాతది, సరైనది. నేల తయారీ అని పుస్తకంలో నాలుగో రకం కింద రాస్తారు చూడండి, అది మన దగ్గర ఎడ్లబండి ఎక్కి వెళ్లింది.

సిటీలో ఈ పూడికను పొలాల్లో పోయలేం, అది వేరే సమస్య. ఫ్యాక్టరీల మురుగు కలిసిన చెరువు అడుగు మట్టిలో భారలోహాలు ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా ఎవరి పెరట్లోనూ, టెర్రస్ కుండీల్లోనూ వేయకండి.

ఇప్పుడు మీ దగ్గర గొడవకు కారణమైన చేపల వాళ్ల దగ్గరికి వద్దాం. మన చెరువుల మీద ఎక్కువగా గంగపుత్రులు, ముదిరాజులు ఆధారపడ్డారు, చాలా చెరువులకు మత్స్య సహకార సంఘం ఉంటుంది, చేప పట్టే హక్కు ఆ సంఘానిది. మీ చెరువుకూ సంఘం ఉందేమో ముందు మత్స్యశాఖ దగ్గర కనుక్కోండి. ఉంటే, కంచె వేసి వాళ్లను ఆపడం మంచిదా కాదా అన్న చర్చే లేదు, అది వాళ్ల హక్కు మీద చెయ్యి వేయడమే. మృగశిర కార్తె రోజు చేపల కోసం లైన్లో నిలబడే కాలనీలు, ఆ చేప పట్టేవాళ్లను మాత్రం గేటు బయట ఉండమనడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

హక్కు సంగతి వదిలేసి పని సంగతే చూద్దాం. గుర్రపుడెక్క అనే నీటికలుపు పరుచుకుంటే వల ఆడదు, కాబట్టి ముందుగా దాన్ని లాగి ఒడ్డున పడేసేది వాళ్లే, మున్సిపాలిటీ యంత్రం వచ్చేది ఆ తర్వాత, అదీ వస్తే. ఇంకోటి, నీళ్లు పాడవుతున్నాయని అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. మురుగు ఎక్కువైన చెరువులో పచ్చటి నాచు పెరుగుతుంది, పగలు ఆ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్‌ను తాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, తొలకరి వానకు నాలాల్లో ఎండాకాలమంతా పేరుకున్న మురుగు ఒక్కసారిగా కొట్టుకొచ్చినా ఒక్క రాత్రిలో చెరువంతా తెల్లగా చచ్చిన చేపలు తేలతాయి. పేపర్లో వార్త వచ్చేది అప్పుడు. చేపలు నోళ్లు తెరవడం దానికి వారం ముందే తెల్లవారుజామున వల వేసేవాళ్లు చూసి ఉంటారు. మీరు ఆరున్నరకి వాకింగ్‌కి వచ్చేసరికి ఎండ పడి చేపలు కిందికి పోతాయి, మీకు అంతా బాగానే కనిపిస్తుంది. నీటి నాణ్యత చూసే మీటర్లు కొనాలని మీ ఎస్టిమేట్‌లో రాశారు, కొనండి, కానీ ముందు వాళ్ల ఫోన్ నంబర్ తీసుకోండి.

గడ్డి కోసేవాళ్ల లెక్క కూడా ఇలాంటిదే, ఇది మాత్రం చాలామందికి తెలియదు. చెరువు లోతు తక్కువగా ఉన్న అంచుల్లో జమ్ము, తుంగ, గడ్డి పెరుగుతాయి, వాటి వేళ్ల చుట్టూ ఉన్న సూక్ష్మజీవులు మురుగును విరగ్గొడతాయి, అందులోని నత్రజని, భాస్వరం మొక్కల్లోకి ఎక్కుతాయి. అంతవరకు ప్రకృతి పని. కానీ ఆ మొక్కలను అలాగే వదిలేస్తే చచ్చి, కుళ్లి, తీసుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతాయి. ఎవరో కోసి బయటికి మోసుకుపోతేనే ఆ పోషకాలు చెరువు నుంచి నిజంగా బయటపడతాయి. తలమీద గడ్డిమోపుతో ఒక మనిషి వెళ్తోందంటే చెరువులోని నత్రజని కొంత బయటికి వెళ్తోందని అర్థం. గేదెల విషయం ఇంత సులువు కాదు. మేసి వేరే చోట పేడ వేస్తే లాభమే, రోజంతా నీళ్లలో పడుకుని అక్కడే వేస్తే మేసిందంతా తిరిగి జమ అయినట్టే. అందుకని గేదెలు మేయడానికి ఒక అంచు, కడగడానికి కట్ట కింద తొట్టి లాంటి ఏర్పాటు చేసుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. కూర్చుని మాట్లాడితే తెగే విషయం ఇది.

మనిషి చేసే ప్రతిదీ గొప్ప భాగస్వామ్యమని నేననడం లేదు. అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ పైపు తెచ్చి నాలాలో కలపడం భాగస్వామ్యం కాదు, చెరువు నెత్తిన బరువు మోపడం. చెరువు మురుగును శుభ్రం చేస్తుంది నిజమే, కానీ దానికో పరిమితి ఉంది, ఆ పరిమితి దాటితే అడుగున ఆక్సిజన్ అయిపోయి, కుళ్లు వాసన, నల్లనీళ్లు, పైన గుర్రపుడెక్క. మీరు వాసన గురించి రాశారు, మీ కాలనీ మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) రోజూ నడుస్తోందా, కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిపూట ఆపేస్తున్నారా అన్నది ఫెన్సింగ్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం. ఇది కాస్త గుచ్చుకునే ప్రశ్నే, అయినా అడగాలి.

మూసీ దిగువన జరిగేది చూస్తే ఈ లెక్క ఎంత చిక్కుగా ఉంటుందో తెలుస్తుంది. సిటీ మురుగంతా మోసే ఆ నీళ్లతో నది పక్కన పారాగడ్డి పెంచుతారు. ఏడాది పొడవునా నీళ్లకు కొదవ లేదు, మురుగులో పోషకాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఎరువు ఖర్చు పెద్దగా లేదు, గడ్డి కోతకు మళ్లీ మళ్లీ వస్తుంది, సిటీ డెయిరీల్లోని గేదెలకు పోతుంది, పాలై మళ్లీ సిటీకే వస్తుంది. నది, మురుగు, రైతు, గేదె కలిసి ఇస్తున్న సేవ ఇది. అదే సమయంలో ఆ నీళ్లలో మోకాలి లోతున నిలబడి గడ్డి కోసేవాళ్లకు చర్మం దురదలు, పుండ్లు, జబ్బులు. మేలు ఒకరికి, కష్టం ఒకరికి. ఎకోసిస్టమ్ సర్వీస్ అనగానే చల్లగాలి, పక్షుల కూత గుర్తొచ్చేవాళ్లు ఒకసారి పీర్జాదిగూడ వైపు వెళ్లి చూసి రావాలి.

వరద సంగతి హైదరాబాదీలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చనిపోయారు, ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సలహాతో ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి, 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్. వరద ఆపడానికి కట్టినవి సిటీకి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. గండిపేట అంటే ఉస్మాన్ సాగరే, ఆ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా మోటారు లేకుండా వాలు మీదే వస్తాయి. అదే కృష్ణా నీళ్లయితే వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటుతో ఎత్తిపోసుకోవాలి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని పెద్దవాళ్లు అంటారు కానీ ఆ నీళ్ల వెనకున్న కరెంటు బిల్లు ఆదా గురించి ఎవరూ అనరు.

ఆ వాలు ప్రకృతిది, ఆనకట్ట ఇంజినీర్లది, మూడోది చట్టం. 1996లో వచ్చిన 111 జీవో ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చింది, దాని మీద వాదనలు అందరికీ తెలిసినవే. రియల్ ఎస్టేట్ కోణం నుంచి ఎవరేమన్నా, నీటి కోణం నుంచి చూస్తే ఆ జీవో కూడా ఆనకట్టలాంటి కట్టడమే, రాయితో కాకుండా కాగితంతో కట్టింది. నాలుగోది గేట్ల దగ్గర నిర్ణయం తీసుకునే మనిషి. వాన రాకముందే కొంత నీరు వదిలి ఖాళీ ఉంచితేనే వరదను పట్టుకోవడానికి చోటుంటుంది, నిండా ఉంచుకుని కూర్చుంటే వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే.

చిన్న చెరువులకూ ఇదే వర్తిస్తుంది. 2020 అక్టోబర్ వానల్లో పల్లెచెరువు, గుర్రం చెరువు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. వాన అసాధారణమైనదే, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. కానీ పైన ఇళ్లు, కింద ఇళ్లు, మధ్యలో నాలా ఇరుకు, ఇలా అయితే గొలుసుకట్టు చెరువులు వరదను ఆపడం మానేసి ఒకదాని నీళ్లు ఒకదాని మీదికి నెట్టుకుంటాయి. గొలుసు అదే, చెరువులు అవే, వాటి మధ్య దారి మూసుకుపోయింది.

అందుకే మీ వాకింగ్ ట్రాక్ గురించి నాకు కంచె కంటే ఎక్కువ టెన్షన్. దయచేసి చెరువు చుట్టూ పూర్తిగా మట్టి పోసి రింగ్ బండ్ వేయకండి. ఈ మధ్య ప్రతి చెరువు సుందరీకరణలో ఇదే జరుగుతోంది. ట్రాక్ కోసం ఎఫ్‌టీఎల్ లోపలే, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు లోపలే మట్టి పోస్తారు, దాంతో నీళ్లు నిలిచే విస్తీర్ణం తగ్గుతుంది. ఎగువ నుంచి పరుచుకుంటూ వచ్చే వాననీళ్లకు ఆ గట్టు అడ్డమవుతుంది, ఎక్కడో రెండు పైపులు పెడతారు, అవి చెత్తతో మూసుకుపోతాయి, తర్వాత ఎగువ కాలనీ వాళ్ల సెల్లార్లలో నీళ్లు. పైగా అంచంతా రాళ్లు పేర్చి నిట్టనిలువుగా చేస్తే నేను పైన చెప్పిన జమ్ము, తుంగ పెరిగే చోటే ఉండదు, కొంగలకు నిలబడే చోటు ఉండదు, చేపపిల్లలు దాక్కునే చోటు ఉండదు. ట్రాక్ కట్ట మీద వేసుకోండి, ఇంకా కావాలంటే ఎఫ్‌టీఎల్ బయట ఖాళీగా వదలాల్సిన బఫర్‌లో మట్టిదారిగా ఉంచండి. నిబంధన ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. ఎగువ వైపు అలాగే వదిలేయండి, అక్కడ చెట్టూ చేమా పెరిగి అందంగా లేదని ఎవరైనా అంటే అననివ్వండి. అలంకార లైట్లు కూడా తగ్గించండి, రాత్రంతా వెలుగుంటే పక్షులు చెట్ల మీద నిలవవు.

బతుకమ్మ గురించి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే పండగప్పుడు మాత్రం గేటు తెరుస్తాం అని మీ వాళ్లు అన్నట్టు రాశారు. తంగేడు, గునుగు ఎవరూ నాటితే వచ్చేవి కావు, బీడుల్లో, చేల గట్ల మీద వాటంతటవే పూస్తాయి. ఆడవాళ్లు కోసి, పేర్చి, పాడి, చివరికి చెరువులో వదిలితే అది పండగైంది. పూలు ఒక్కటే ఉంటే కలుపు మొక్కలు, పాట ఒక్కటే ఉంటే స్పీకర్ పెట్టుకుని అపార్ట్‌మెంట్ కింద కూడా ఆడొచ్చు, ఆడుతూనే ఉన్నారు. ఇప్పుడు సిటీలో పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి కొనుక్కుంటున్నాం, ఎందుకంటే చుట్టుపక్కల బీడు మిగల్లేదు. మీ చెరువు శిఖం (నీళ్లు పరుచుకునే భూమి) అంచుల్లో తంగేడు పొదలు ఉంటే వాటిని పీకేసి కొరియన్ గడ్డి పరచకండి. నీళ్ల దాకా దిగే మెట్లు, వాలు దారి ఏడాదంతా తెరిచి ఉంచండి. నీళ్లను తాకని జనం చెరువు కబ్జా అవుతుంటే కూడా పట్టించుకోరు, నేను చూసిన చాలా చోట్ల కబ్జా మొదలైంది జనం వెళ్లడం మానేసిన మూల నుంచే.

మనుషుల్ని కలుపుకుంటే ఏమవుతుందో చూడాలంటే అమీన్‌పూర్ చెరువు ఉంది, మీకు దగ్గరే. అక్కడ ఒక పోలీసు అధికారి చొరవతో జనం కలిసి శుభ్రం చేశారు, ఫ్లెమింగోలు దిగడం మొదలయ్యాక ఫొటోగ్రాఫర్లు వచ్చారు, 2016లో ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. ప్రకటించడంతో పని అయిపోలేదు, చుట్టూ పెరిగే కాలనీల మురుగుతో దానికి ఇప్పటికీ పోరాటమే. బన్సీలాల్‌పేట మెట్ల బావి ఇంకో ఉదాహరణ, టన్నుల కొద్దీ చెత్తతో పూడిపోయిన బావిని తవ్వి తీసి 2022లో మళ్లీ తెరిచారు, చెత్త తీశాక ఊటలు మళ్లీ వచ్చాయి. ఆ ఊటలు అన్నేళ్లూ కిందే ఉన్నాయి.

డబ్బు గురించి కూడా ఓ మాట, ఇది అసోసియేషన్‌లో ఎవరికీ నచ్చదు. లేక్ వ్యూ ఫ్లాట్ అని అదే బిల్డింగ్‌లో ఎక్కువ రేటు పెట్టి కొన్నారు కదా, ఆ తేడా కూడా ఈ చెరువు ఇచ్చిన సేవే. దాన్ని బిల్డర్ తీసుకున్నాడు. డెక్క లాగేవాడికి, గడ్డి కోసేవాళ్లకు, కట్ట మీద కన్నేసే ముసలాయనకు అందులో పైసా రాలేదు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఉమ్మడి వనరులు నిలబడిన చోట్ల ఆవిడ గమనించింది ఏంటంటే, వాడుకునేవాళ్లే కూర్చుని నియమాలు పెట్టుకున్నారు, వాళ్లే కాపలా కాశారు, తప్పు చేసినవాళ్లకు మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది. మన ఊళ్లలో నీరటి, మేర, వంతుల పద్ధతి చూస్తే ఆవిడ చెప్పింది కొత్తగా అనిపించదు. మీ కమిటీలో ఇప్పుడున్నది ఫ్లాట్ ఓనర్లు మాత్రమే. మత్స్య సంఘం నుంచి ఇద్దరు, గేదెల వాళ్ల నుంచి ఒకరు, దిగువ బస్తీ నుంచి ఒకరిద్దరు లేకుండా మీరు రాసుకునే రూల్స్ కాగితం మీదే ఉంటాయి. సీఎస్‌ఆర్ డబ్బులో కొంత ఫౌంటెన్‌కు బదులు నెలజీతం ఇచ్చి ఒక నీరటిని పెట్టుకోవడానికి వాడండి. ఫౌంటెన్ ఫొటోల్లో బాగుంటుంది, నీళ్లకు కొద్దిగా ఆక్సిజన్ కలిపినా మురుగు ఆగకపోతే దానివల్ల ఏమీ కాదు.

ఇక చేయాల్సిన పనుల వరస. ముందు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దగ్గర మీ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ తీసుకుని నేల మీద రాళ్లు పాతించండి, కబ్జా కనపడితే ప్రభుత్వ సంస్థ హైడ్రాకు ఫిర్యాదు పెట్టండి, దాన్ని 2024లో పెట్టిందే ఇలాంటి వాటికోసం. నీళ్లు వచ్చే కాల్వలు, పోయే మత్తడి ఎక్కడెక్కడ మూసుకుపోయాయో వానాకాలానికి ముందే నడిచి చూడండి, చేపల వాళ్లను వెంట తీసుకెళ్తే సగం టైం మిగులుతుంది. శిఖం పట్టాలున్న రైతులుంటే వాళ్లను శత్రువుల్లా చూడకండి, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడం పాత పద్ధతే, ఇల్లు కట్టడం, ప్లాట్లు చేయడం మాత్రమే కుదరదు. కంచె లారీలు వచ్చే వైపు వేయండి, మనుషులు నడిచి వెళ్లే సందులు వదలండి.

చివర్లో దోమల గురించి అడిగారు, డెంగీ కేసులు వచ్చాయి కాబట్టి చెరువే కారణమని మీ వాళ్లు అంటున్నారట. డెంగీ దోమ పెరిగేది మంచినీళ్లలో, కూలర్లలో, పూలకుండీల కింద పళ్లేల్లో, మూతలేని ట్యాంకుల్లో. చెరువు మురుగులో, గుర్రపుడెక్క మధ్యలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్, అది రాత్రి కుడుతుంది, నిద్ర పాడు చేస్తుంది కానీ డెంగీ తేదు. దానికి దోమ పిల్లపురుగులను తినే గంబూసియా చేపలు వేస్తారు, కానీ అవి ఉత్తర అమెరికా నుంచి తెచ్చినవి, మన చిన్న చేపల గుడ్లు, పిల్లలను కూడా తింటాయి, కాబట్టి ముందు డెక్క తీయించి, స్థానిక చేపలు పెరిగేలా చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆలోచించండి. ఆదివారం మీటింగ్‌లో డెంగీ పేరుతో ఫెన్సింగ్ ఓటింగ్ పెడితే ముందు టెర్రస్ మీద ట్యాంకుల మూతలు చెక్ చేయించమనండి. ఎఫ్‌టీఎల్ మ్యాప్ దొరికాక ఇక్కడ పెట్టండి, నీళ్లు వచ్చే దారులు చూసి కంచె ఎటువైపు వేస్తే నయమో చెప్తాను.